పుక్కిలించకుండా ఉమ్మండి

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసిన పిల్లలు అప్పుడప్పుడు ఉప్పల్‌లోని మా ఇంటికి వస్తుంటారు. ఉద్యోగంలో చేరబోతున్నాం, నాలుగు మాటలు చెప్పమంటారు. మైక్రోస్కోపులో ఎలా చూడాలో, గాజుపలకకు రంగు ఎలా వేయాలో వాళ్లకు నాకంటే బాగా వచ్చు. ప్రమోషన్ల గురించి చెబుదామంటే నాకు వచ్చినవి లేవు. ముప్ఫై ఏళ్లలో నేను చేసిన పని ఒక్కటే. జనాన్ని బతిమాలి, బెదిరించి, బుజ్జగించి డబ్బీలో ఉమ్మించడం. తెలంగాణ వచ్చిన ఏడాదే రిటైరయ్యాను. ఆ రెంటికీ సంబంధం లేదు.

తలెత్తుకుని చెప్పుకోదగిన సంగతులు నాకూ ఉన్నాయి. కానీ ఇక్కడ రాసేది నేను తల దించుకున్న సంగతి. పనికొచ్చేది అదే.

తెమడ వేరు, ఉమ్మి వేరు

నాచారం పారిశ్రామికవాడలో కార్మికుల కోసం ఒక చిన్న దవాఖానా ఉండేది. ల్యాబు అంటే ఒక గది, ఒక మైక్రోస్కోపు, ఒక నేను. ముఖ్యమైన పని క్షయ పరీక్ష. దగ్గుతో వచ్చినవాళ్ల తెమడ తీసుకుని, గాజుపలక మీద పూసి, రంగువేసి, క్రిములున్నాయా లేదా చూడాలి.

నాకు పని నేర్పినవాడు రాజలింగం సారు. ఆయన డబ్బీ మూత తీసి ఒక్కసారి చూస్తే చాలు, అందులో ఉన్నది ఎక్కడి సరుకో చెప్పేసేవాడు. "ఏందిర యాదగిరీ, ఇది తెమడనా? ఉమ్మి. ఊపిరితిత్తులకెల్లి వచ్చింది పెట్టుకో, నాలుక మీదికెల్లి వచ్చింది పారెయ్" అనేవాడు. ఇంకో నియమం కూడా నేర్పాడు. పేషెంటు ముందు నీళ్లతో నోరు పుక్కిలించి రావాలి. లేకపోతే పొద్దున తిన్న ఇడ్లీ అంతా గాజుపలక మీద కనిపిస్తుంది. ఈ రెండు నియమాలనూ ఇరవై ఏళ్లకు పైగా పాటించాను. ఉమ్మి తెచ్చినవాళ్లను తిట్టి వెనక్కి పంపడంలో నాకు మంచి పేరుండేది.

పేరంటే గుర్తొచ్చింది. మా గల్లీలో నన్ను తెమడ యాదగిరి అనేవారు. మా బావమరిది పెళ్లిలో బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, "ఏం జేస్తవు బావా?" అని అడిగాడు. చెప్పాను. పప్పు వడ్డించేలోపు ఆయన విస్తరితో సహా వేరే వరుసకు వెళ్లిపోయాడు. నా భార్య లక్ష్మి నన్ను వాకిట్లోనే ఆపి, చొక్కా విప్పించి, బకెట్ నీళ్లు పోసుకున్నాకే లోపలికి రానిచ్చేది. మన దగ్గర ఎంగిలి అంటే ఉత్త ఉమ్మి కాదు. ఒకరు తాగిన గ్లాసును ఇంకొకరు పెదవికి ఆనించరు. అలాంటి జనం దగ్గర నోట్లోది అడిగి పుచ్చుకునే ఉద్యోగం నాది. మీరు చేరబోయేది కూడా ఇదే. తెల్లకోటు చూసి మోసపోకండి.

ముక్కులో పుల్ల

తర్వాత స్వైన్ ఫ్లూ వచ్చింది. ఒకరోజు ఉద్యమం బంద్, ఒకరోజు జ్వరం వార్త, ఊరంతా ఏదో ఒకదానికి తలుపులు మూసుకుని కూర్చున్న రోజులవి. అప్పటికి మా దవాఖానాకు భ్రమరాంబ గారనే డాక్టరు కొత్తగా వచ్చారు. గోదావరి జిల్లా మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి.

ఆ జ్వరాన్ని కనిపెట్టాలంటే సన్నని పొడుగాటి పుల్లకు దూది చుట్టి, ముక్కులోంచి గొంతు వెనక దాకా పంపి తిప్పి తీయాలి. దాన్ని సిటీలోని పెద్ద ల్యాబుకు పంపితే మర్నాడు ఫలితం చెబుతారు. చెప్పడం తేలికే. సిమెంటు బస్తాలు రెండేసి మోసే మల్లేశ్ అనే హమాలీ వచ్చాడు. తలుపంత మనిషి. పుల్ల చూడగానే, "సార్, సూదులైతే నాలుగు గుచ్చు, గిది మాత్రం వద్దు" అన్నాడు. ధైర్యం చెప్పాను. "సరే, జర మంచినీళ్లు తాగొస్త" అని బయటికి వెళ్లాడు. మనిషి మళ్లీ కనిపించలేదు. వాకిట్లో విడిచిన చెప్పులు వారం రోజులు అక్కడే ఉన్నాయి. వాటికోసమైనా రాలేదంటే ఎంత భయపడ్డాడో చూడండి.

మల్లేశ్ కథ కంపెనీలన్నిటికీ పాకింది. పుల్ల మెదడు దాకా పోతుందని ఒకరు, ముక్కులోంచి పెట్టి చెవిలోంచి తీస్తారని ఒకరు చెప్పుకున్నారు. జ్వరమొచ్చినవాళ్లు దవాఖానా ఉన్న రోడ్డునే వదిలేసి తిరిగారు. ఇంతలో మాకు పంపే పుల్లలు కూడా తగ్గిపోయాయి.

అప్పుడు డాక్టరమ్మ నన్ను పిలిచి, "యాదగిరి గారూ, ఉమ్మి తీసుకుని చూద్దామండీ" అన్నారు.

నాకు తల తిరిగిపోయింది. "మేడం, ఉమ్మిని పారేసుడే కద నా నౌకరి!"

"అది క్షయకండీ. ఆ క్రిమి ఊపిరితిత్తుల్లో కాపురముంటుంది. ఈ వైరస్ ముక్కు, గొంతు, నోరు అంతా తిరుగుతుంది. ఉమ్మిలోనూ దొరకాలి కదా. పుల్ల అక్కర్లేదు, నొప్పి లేదు, ఎవరి ఉమ్మి వాళ్లే ఉమ్మొచ్చు. చూద్దాం."

పెద్ద ల్యాబులో ఆవిడ స్నేహితురాలు ఒకరుండేవారు. పంపితే చూసి పెడతానన్నారట. ముక్కుకు ఒప్పుకున్నవాళ్ల దగ్గర రెండూ తీయాలి, ఒప్పుకోనివాళ్ల దగ్గర ఉమ్మి ఒక్కటైనా తీయాలి. గర్భిణుల విషయంలో మాత్రం ఆవిడ ఒక మాట గట్టిగా చెప్పారు. "లేదని వచ్చినా సరే, నాకు చూపించకుండా పంపొద్దు." సరేనన్నాను. మనసులో మాత్రం, నిన్నగాక మొన్న వచ్చినావిడ నాకు ఉమ్మి గురించి చెప్పడమేమిటని ఉడికిపోయాను.

నోరెండిన జనం

దవాఖానా వెనక రేకుల షెడ్డులో గాలి ఆడేచోట బల్ల వేసుకున్నాను. మొదటిరోజు పదిమంది వచ్చారు. డబ్బీలు ఇచ్చాను. ఒక్కరికీ చుక్క రాలేదు. నడుస్తున్న బస్సు కిటికీలోంచి గురిచూసి ఉమ్మే మనుషులు వీళ్లు. నాచారంలో వీళ్లు ఎర్రగా చేయని గోడ లేదు. డబ్బీ చేతికిచ్చి, "ఉమ్ము అన్నా" అంటే నోరెండిపోయి గుటకలు మింగుతున్నారు.

ఆడవాళ్ల సంగతి ఇంకో రకం. "డాక్టరమ్మ ముంగట ఎంగిలి ఉమ్ముతరా? మర్యాద ఉంటదా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మా ఆయా పోశమ్మ గోనెపట్టాలు కట్టి వాళ్లకు ఒక చాటు తయారుచేసింది. అయినా డబ్బీలు ఖాళీగానే వచ్చాయి.

చివరికి నేను మామిడికాయ తొక్కు గురించి మొదలుపెట్టాను. "పుల్లటి పచ్చి మామిడికాయ. రోట్లో ఏసి కచ్చాపచ్చాగ దంచాలె. ఉప్పు, కారం, ఎల్లిపాయ..." జనం గొంతులు కదిలాయి. డాక్టరమ్మ లోపల్నుంచి వచ్చి, "తొక్కేమిటండీ, ఆవకాయ చెప్పండి. కొత్త ఆవపిండి, పప్పునూనె, వేడన్నం" అన్నారు. "ఆవకాయ గూడ ఒక తొక్కేనా మేడం?" అని ఎవరో అన్నారు. రాష్ట్రం గొడవ ఊరగాయల దాకా వచ్చింది. అది తేలలేదు కానీ డబ్బీలన్నీ నిండాయి.

ఒకాయన ఇంటి దగ్గర్నుంచి డబ్బీ నింపుకుని తెచ్చాడు. అంత ఎలా వచ్చిందని అడిగితే, "నాకు రాలే సార్. మా తమ్మునిది తెచ్చిన. ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్లమే కద!" అన్నాడు. ఇవన్నీ ఏ పుస్తకంలోనూ ఉండవు. రాసుకోండి.

పసుపు నీళ్లకు జ్వరం లేదు

పది రోజులు గడిచాయి. ఉమ్మి ఫలితాలన్నీ 'లేదు', 'లేదు' అనే వచ్చాయి. ముక్కులో ఉందని తేలినవాళ్ల ఉమ్మిలో కూడా లేదు. నాకు లోపల పండగ. "నేను ముందుగాలనే చెప్పిన మేడం, ఉమ్మిల ఏముంటది?" అని రోజుకు రెండుసార్లయినా అనేవాణ్ణి. ఆవిడ ఫలితాల జాబితా మళ్లీ మొదటినుంచి చూసేవారు.

ఆ రోజుల్లోనే సుజాత వచ్చింది. నాచారంలో చొక్కాలు కుట్టే కంపెనీలో కాలర్లు కుడుతుంది. మేడిపల్లి నుంచి బస్సులో వస్తుంది. ఏడో నెల. జ్వరం, దగ్గు. పుల్ల చూపించగానే రెండు చేతులతో ముక్కు మూసుకుంది. "అన్నా, నీ కాళ్లు మొక్కుత" అంది. ఉమ్మి మాత్రం ఇచ్చి వెళ్లింది. మర్నాడు సాయంత్రం ఫోనులో ఫలితం వచ్చింది. లేదు.

కాసేపటికి సుజాత పరుగున వచ్చింది. ఆయాసపడుతోంది. "జర జల్ది చెప్పన్నా. రేపు మా ఇంట్ల నాకు గాజులు తొడుగుతున్నరు. చుట్టాలంత వచ్చిన్రు."

డాక్టరమ్మ ఆ పూట మీటింగుకు వెళ్లారు. ఉండమని చెప్పాలి. కానీ ఆ అమ్మాయి మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. దానికి తోడు ఉమ్మి పనికిరాదని పదిరోజులుగా వాదిస్తున్నది నేనే. ఆ పనికిరాని ఉమ్మినే నమ్మి, "ఏం లేదమ్మ, ఫికర్ చెయ్యకు. మంచిగ పండుగ జేస్కో" అన్నాను. కాగితం మీద 'వైరస్ లేదు' అని రాసి కూడా ఇచ్చాను. నవ్వుకుంటూ వెళ్లింది. మంచిపని చేశాననుకున్నాను.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ స్టూలు తెచ్చుకుని షెడ్డులో నా వెనక కూర్చున్నారు. ఒకామె రాగానే నేను అలవాటుగా, "పోయి నోరు మంచిగ పుక్కిలించి రా అమ్మా" అన్నాను.

"ఆవిడను ఏం చేయమన్నారండీ?" అని డాక్టరమ్మ అడిగారు.

"నోరు కడుక్కొమ్మన్న మేడం. రాజలింగం సారు నేర్పిండు."

పోశమ్మ ముందుకొచ్చి గర్వంగా చెప్పింది. "ఉత్త నీళ్లు కాదమ్మ, ఉప్పు, పసుపు ఏసి నేనే కాగవెట్టి ఇస్తున్న. ఇద్దరు ముగ్గురైతే పండ్లపొడి గూడ తెచ్చుకుంటున్రు. మీ అసొంటి పెద్దమనిషికి పోయేది, ఎంగిలి నోటితోని ఎట్లిస్తరు? మూడుసార్లు పుక్కిలించినంకనే ఉమ్ముతున్నరు."

డాక్టరమ్మ నుదురు పట్టుకున్నారు. "యాదగిరి గారూ, పదిరోజుల నుంచి మనం పసుపు నీళ్లకు పరీక్ష చేస్తున్నామండీ. పసుపు నీళ్లకు జ్వరం లేదని తేలింది."

నాకు నవ్వొచ్చింది. తెమడకు పనికొచ్చే నియమాన్ని తెచ్చి ఉమ్మికి అంటగట్టాను. వెతకాల్సినదాన్ని నేనే కడిగించి మోరీలో పారబోయించి, ఉత్త డబ్బీలు పెద్ద ల్యాబుకు పంపాను. దాని మీద మళ్లీ రోజూ ఎగతాళి ఒకటి. ఆ నవ్వు సగంలో ఉండగానే సుజాత గుర్తొచ్చింది.

జరిగింది చెప్పాను. చూపించకుండా పంపానని కూడా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "ఆయాసం ఉందా?" అని మాత్రం అడిగారు.

"ఉండె మేడం."

"మళ్లీ పరీక్షలేమీ వద్దు. మాత్రలు ఈ పూటే పడాలి. ఏడో నెలలో ఇది ఎంతలో ముదురుతుందో చెప్పలేం. మీరు వెళ్లి ఎలాగైనా తీసుకురండి. నేను పెద్దాసుపత్రికి ఫోను చేసి పెడతాను."

గాజుల పందిరి

స్కూటరు మీద మేడిపల్లి వెళ్లేసరికి పందిరి కళకళలాడుతోంది. సుజాత కుర్చీలో కూర్చుని ఉంది. మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు. చెంపలు ఎర్రగా మెరుస్తున్నాయి. "కడుపుతోని ఉంటే మొగమ్మీద కళ ఎట్ల వస్తదో సూడు" అని ఒకామె మురిసిపోతోంది. అది కళ కాదు, జ్వరం. ముత్తయిదువలు వరుసగా వచ్చి ఆమె నోట్లో మిఠాయి పెడుతున్నారు. శుభమని, ఎంగిలి పట్టింపు కూడా మరిచి, ఆమె కొరికిన ముక్కనే చంటిపిల్లల నోట్లో పెడుతున్నారు.

నేను మాస్కు కట్టుకుని పందిట్లోకి నడిచాను. వెంటనే ఒక గొంతు వినిపించింది. "అయ్యో, గీయన తెమడ యాదగిరి కదనే!" ముప్ఫైమంది ఆడవాళ్లు ఒక్కసారి కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. ఆరోగ్యశాఖ ఎన్ని పోస్టర్లు వేసినా జరగని పని నా పేరు వినగానే జరిగింది.

సుజాత అత్త సత్తెమ్మ ఎదురొచ్చింది. సంగతి విని మండిపడింది. "శుభమా అని గాజులు తొడుగుతుంటే దవాఖాన మాట తెస్తవా? నిన్న నువ్వే కద లేదని రాసిచ్చినవు!" లోపలికి వెళ్లి కాగితం తెచ్చింది. దేవుడి పటాల దగ్గర పెట్టి, నాలుగు మూలలా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టారు దానికి. నేను రాసిన రిపోర్టుకు అంత మర్యాద అంతకు ముందూ జరగలేదు, ఆ తర్వాతా జరగలేదు.

నిజం చెప్పాలి. ఆ క్షణంలో నా నోటికి సిద్ధంగా ఉన్న మాట వేరు. పెద్ద ల్యాబువాళ్లు తప్పు చెప్పారనో, మిషను పాడైందనో అనేస్తే సరిపోతుంది. అడిగేవారు లేరు. నా పరువు దక్కుతుంది. నోరు తెరిచాను కూడా. అంతలో సుజాతకు దగ్గు తెర వచ్చింది. కడుపు పట్టుకుని వంగిపోయింది. గాజులన్నీ ఒకటే చప్పుడు.

"కాగితం తప్పమ్మా. తప్పు చేసింది ఎవరో కాదు, నేనే. నోరు కడిగిపిచ్చి ఉమ్మి తీసుకున్న. నా అక్కల్ గడ్డి మేసింది. నీ కోడలికి రోగం లేదని నాకు నిన్న గూడ తెల్వదు, ఉత్తగనే రాసిచ్చిన" అన్నాను.

"ఇప్పుడు ఉన్నదని ఎట్ల నమ్మాలె?" అంది సత్తెమ్మ.

"నా మాట నమ్మకు. ఆమె దగ్గు ఇను."

సత్తెమ్మ కోడలి వైపు తిరిగింది. మెడ మీద చెయ్యి పెట్టి చూసింది. సుజాత మాట్లాడబోయి ఊపిరందక ఆగిపోయింది. "ఆటో పిలువుండ్రి" అని సత్తెమ్మ కేక వేసింది. కట్టిన పట్టుచీరతోనే కోడలిని ఎక్కించుకుని బయల్దేరింది. నేను వెనక స్కూటరు మీద వెళ్లాను. ఉప్పల్ చౌరస్తా దాకా నేను మొక్కని దేవుడు లేడు.

ఆ తర్వాత

ఆ పదిరోజుల్లో ఉమ్మి ఇచ్చిన ప్రతి మనిషి గడపా తొక్కాను. "మీ కాగితం చెల్లదు, మళ్లీ రావాలె. ఈసారి నోరు కడగొద్దు" అని చెప్పాను. కొందరు నవ్వారు, ఒకాయన తలుపు వేసుకున్నాడు. అదే పూట నుంచి షెడ్డులో ఒక అట్ట వేలాడదీశాం. 'అరగంట ముందు నుంచి తినకండి, తాగకండి, గుట్కా నమలకండి. పుక్కిలించకుండా ఉమ్మండి.' ఎంగిలి నోటితో ఇవ్వడమే డాక్టరమ్మకు చేసే మర్యాద అని పోశమ్మ ఒక్కొక్కరికీ ఒట్టేసి చెప్పేది.

దాంతో ఫలితాలు మారాయి. ముక్కులో ఉన్నవాళ్లకు చాలావరకు ఉమ్మిలోనూ కనిపించింది. అందరికీ కాదు, కొన్ని తప్పిపోయాయి. పుల్లే గట్టి పరీక్ష అని డాక్టరమ్మే చెప్పేవారు. కానీ పుల్ల చూసి చెప్పులు వదిలి పారిపోయిన మనిషికి ఎంత గట్టి పరీక్ష ఉండి ఏం లాభం? మల్లేశ్ ఆ తర్వాత కొత్త చెప్పులేసుకుని వచ్చి, డబ్బీ నిండా ఉమ్మి, "గింతేనా సార్?" అన్నాడు. నవ్విన నాపచేనే పండింది. నేను ఇరవై ఏళ్లు చెత్తబుట్టలో వేసినదాంట్లోనూ కబురుంటుందని ఆ వయసులో నేర్చుకున్నాను. రాజలింగం సారు చెప్పింది తప్పు కాదు. ఆయన ఎందుకు చెప్పాడో అడగకపోవడం నా తప్పు.

ఇక సుజాత సంగతి. పెద్దాసుపత్రిలో స్వైన్ ఫ్లూ అనే తేల్చి, రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. డ్యూటీ అయ్యాక నేను రోజూ వెళ్లి వార్డు బయట బెంచీ మీద కూర్చునేవాణ్ణి. సత్తెమ్మ అదే బెంచీకి ఆ చివర కూర్చునేది. మొదటిరోజు నా మొహం చూడలేదు. రెండోరోజు బిస్కెట్ పొట్లం నా వైపు జరిపింది. మూడోరోజు సాయంత్రం నర్సు బయటికొచ్చి, "సుజాత వాళ్లెవరు? ఇక్కడి తిండి తినదట. సర్వపిండి కావాలని గొడవ చేస్తోంది" అంది. జ్వరం దిగిందట. కడుపులో బిడ్డ బాగుందట. సత్తెమ్మ నవ్వుతూనే ఏడ్చింది. నేను ఏడవలేదని రాద్దామనుకున్నాను, కానీ ఏడ్చాను.

కాసేపయ్యాక ఆమె కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఒక్క మాట అడుగుత బిడ్డ. ఆ దినం నువ్వు రాకపోతే నిన్ను ఎవలన్న అడుగుతుండెనా?"

ఆలోచించాను. "లేదమ్మా. ఎవ్వలు అడుగకపోతుండె. కాగితం మీద లేదనే ఉండె కద."

"గందుకే బిడ్డ, నాకు ఇప్పుడు భయమైతున్నది" అంది.

ఎవరూ అడగని తప్పు అలాగే ఉండిపోతుందన్న ఆ భయం నాకూ పట్టుకుంది. ఉద్యోగం అయిపోయినా వదల్లేదు. మీకు మొదటిరోజు నుంచే ఉంటే మంచిదని ఇదంతా రాశాను.